మంగళవారం అన్నయ్యా

యుద్ధవార్తలు రాసినంతకాలం మా బాబాయి ఇంటిపట్టున ఉన్నది తక్కువ. ఉన్న నాలుగు రోజులూ బూట్లు విప్పడని పిన్ని దెప్పుతుండేది. మోకాళ్లు మొరాయించాక పత్రిక మానేసి, ఆ యుద్ధాల చరిత్ర రాయడానికి కూర్చున్నాడు. వెనకగది నిండా పటాలు, పాత పత్రికల కట్టలు. మంచం మీదా పుస్తకాలే కాబట్టి పిన్ని హాల్లో పడుకునేది. ఏ దళం ఏ రోజు ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. పిన్ని పుట్టినరోజు మాత్రం ఏటా నేనే గుర్తుచేయాలి.

పుస్తకంలో ఒక్క అధ్యాయం మాత్రం ముందుకు కదలలేదు. అది ఒక దళం నది దాటిన రోజు గురించి. ఆ దళంలో మా నాన్న సిపాయి. తిరిగొచ్చిన కొద్దిమందిలో ఒకడు. అక్కడేం జరిగిందో అమ్మకి కూడా చెప్పలేదు. బాబాయి అప్పుడు వెనక శిబిరంలో కూర్చుని, అధికారులు చెప్పింది విని, విజయమని రాసి పంపాడు. ఆ మాట ఆయన్ని లోలోపల తొలిచేస్తుండేది. పుస్తకంలోనైనా నిజం రాయాలని ఏళ్ల తరబడి అన్నగారి చుట్టూ తిరిగాడు. కలం కనబడితే చాలు, నాన్న లేచి వెళ్లిపోయేవాడు.

జబ్బు ముదిరాక ఒక మధ్యాహ్నం ఎవరూ అడక్కుండానే నాన్న నోరు విప్పాడు. నేను మందులు సర్దుతున్నాను. బాబాయి కలం జోలికి పోలేదు. ఆ మాత్రం బుద్ధి ఉంది.

"ఆ బుధవారం పొద్దున పడవెక్కాం. నా పక్కనున్నవాడు చెయ్యి పట్టుకుని..."

"మంగళవారం అన్నయ్యా," అన్నాడు బాబాయి.

ఎంత మెల్లగా అన్నాడో! పాఠం అప్పజెప్పే పిల్లాడికి మాట అందించినట్టు అన్నాడు. నాన్న ఆయన వంక చూశాడు.

"నీకన్నీ తెలుసు కదరా. ఇంక నేనెందుకు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బాబాయి కాళ్లావేళ్లా పడ్డాడు. బుధవారమే అన్నాడు, ఏ వారమైనా కానిమ్మన్నాడు. నాన్న మళ్లీ ఆ ఊసెత్తలేదు. కొన్నాళ్లకే పోయాడు. బాబాయి నోరు కుట్టేయాలన్నంత కోపం వచ్చింది నాకు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పుస్తకం అచ్చయింది. ఒక్క తారీకూ తప్పు పోలేదని సభలో పెద్దలు మెచ్చుకున్నారు. ఆ అధ్యాయం తీసి చూశాను. దళం మంగళవారం నది దాటిందనీ, ప్రాణనష్టం ఎక్కువనీ ఉంది. అంతకుమించి లేదు.

సభ నుంచి బాబాయి తిన్నగా మా ఇంటికొచ్చాడు. దండ ఇంకా చేతిలోనే ఉంది. పడవలో చెయ్యి పట్టుకున్నవాడి గురించి నాన్న తర్వాత నాకేమైనా చెప్పాడా అని అడిగాడు. చెప్పలేదన్నాను.

"నాకే చెప్దామనుకున్నాడమ్మా," అన్నాడు.