మూడు నీళ్ళ ఖాదర్ సాబ్

శుక్రవారం ఉదయం వికారాబాద్ స్టేషన్లో తాండూరు బండి కోసం నిలబడి ఉన్నాను. ఒక చేతిలో స్టేషన్ కుళాయి దగ్గర పట్టిన నీళ్ళ డబ్బా, మరో చేతిలో ఫోను. ఫోను మోగింది. ఖాదర్ సాబ్ భార్య. ఆమెను నేను ఖాలా అంటాను. అంత పొద్దున్నే ఆమె ఎన్నడూ ఫోను చేయదు. ఎత్తడానికి భయం వేసింది. నేను దేనికైనా ముందు భయపడి, తరువాత తక్కిన పనులు చూసుకునే మనిషిని. రెండోసారి మోగినప్పుడు ఎత్తాను. "మీ సాబ్ పోయిండు బిడ్డా. ఫజర్ నమాజుకు లేపబోతె లేవలె," అంది ఖాలా. బండి వచ్చింది, ఎక్కాను. తాండూరు చేరేదాకా ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకొని ఎందుకు కూర్చున్నానో నాకు తెలియదు. ఆ నీళ్ళతో ఏ పరీక్ష చేయాలో చెప్పే గురువు ఇక లేడన్న మాట బుద్ధికి అందింది గాని మనసుకు అందలేదు.

నలభయ్యో రోజు ఆయన కోసం చేసే ఫాతిహా ప్రార్థన నాడు పంచడానికి ఆయన మిత్రులు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. "ఆయన దగ్గర పని నేర్చింది నువ్వొక్కదానివే, నువ్వు రాయాలె," అన్నారు. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నప్పటి నుంచి నిద్ర సరిగ్గా లేదు. గురువును గురించి రాయడంలో భయమేముంది అని మీరనవచ్చు. ఉంది. చివరికి అదే చెప్పబోతున్నాను.

ఆయనను ఎరుగని వారి కోసం రెండు మాటలు. తాండూరులో ఒక చిన్న టీ కార్ఖానా ఉంది. దూరదేశాల నుంచి వచ్చిన టీపొడిని కలిపి, దారం కట్టిన చిన్న కాగితపు సంచుల్లో నింపి, డిప్ టీ డబ్బాలుగా చుట్టుపక్కల ఊళ్ళకు పంపుతుంది. రాజుల టీ కాదు, ఖరీదైన టీ కాదు. ఆఫీసుకు పోయేవాళ్ళు, బడి పంతుళ్ళు, స్టేషన్ దగ్గరి హోటళ్ళవాళ్ళు పొద్దున్నే వాడుకునే మామూలు నల్ల టీ. ఆ సంచీ బయటికి పోవాలా వద్దా అని తీర్పు చెప్పే కుర్చీలో ఖాదర్ సాబ్ జీవితంలో పెద్ద భాగం గడిపారు. చదువు ఏడో తరగతి. జిహ్వ మాత్రం మహా పండితుని జిహ్వ.

హైదరాబాదు నుంచి ఒకసారి ఒక నిపుణుడు వచ్చి, శుద్ధి చేసిన నీళ్ళతో టీ కాచి, రుచి చూసి, అద్భుతమన్నాడు. సాబ్ లేచి మూడు కెటిళ్ళు పెట్టారు. ఒకదానిలో తాండూరు బోరు నీళ్ళు, ఒకదానిలో వికారాబాద్ కుళాయి నీళ్ళు, ఒకదానిలో కోట్‌పల్లి చెరువు నీళ్ళు. తాండూరు నేలంతా బండ. ఆ నీళ్ళలో సున్నం ఎక్కువ. అదే సంచీ ఆ నీళ్ళలో పడేసరికి రంగు మందగించి, పైన సన్నని పొర కట్టింది. "సార్, మీ టీ మంచిగనే ఉన్నది. గని మా ఊరోళ్ళకు మీ నీళ్ళు యాడ దొరుకుతయ్?" అని అడిగారు ఎంతో మర్యాదగా. ఆ రోజు నుంచి ఆయనకు మూడు నీళ్ళ ఖాదర్ సాబ్ అనే పేరు స్థిరపడింది. వికారాబాద్ నీళ్ళు మోసుకొచ్చే పని నాది. రైలులో పక్కవాళ్ళు "ఏమ్మా, తీర్థమా?" అని ఆట పట్టించేవారు.

ఆయన పద్ధతిలో మరో విశేషం ఉంది. కొలత ప్రకారం అయితే కప్పు మీద మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగాలి, సంచీని పిండకూడదు. ఆ కాయిదా ప్రకారం ఒక కప్పు చేసేవారు. పక్కనే ఇంకొక కప్పులో సంచీని నాలుగుసార్లు ముంచి, చెంచాకు అదిమి పిండి, పాలు పోసి, దాన్ని కూడా జుర్రుమని లాగి, నాలుక మీద తిప్పి, ఇత్తడి గిన్నెలో ఉమ్మేవారు. "ఇంట్ల ఎవరు ఆగుతరు ఐదు నిమిషాలు? బస్సు పోతది," అనేవారు. ఎంత మేలైన సరుకు వచ్చినా బాగుందని అనేవారు కాదు. "పర్వలేదు, పొద్దుగాల తాగొచ్చు" అన్నదే ఆయన నోట వెలువడగల పరమ ప్రశంస. ఆ మాట కోసం కార్ఖానా మొత్తం ఊపిరి బిగబట్టి నిలబడేది.

నేను కోట్‌పల్లి పక్క పల్లెలో కూలి చేసుకునే ఇంట పుట్టాను. కార్ఖానాలో డబ్బాలు అంటించే పనికి చేరాను. ఒకనాడు ఒక డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకొని, "ఇది తడిసి ఆరింది సాబ్," అన్నాను. ఆయన విప్పి, వాసన చూసి, నన్ను పిలిచి కుర్చీ పక్కన స్టూలు వేయించారు. మొదటి రోజే చెప్పిన మాట ఇది: "ఎవరో ఒకామె పొద్దుగాల లేస్తది. కండ్లు పూరా తెరవక ముందే మన సంచి నీళ్ళల్ల ఏస్తది. సూడకుంట తాగుతది. ఆమె సూడనిది మనం సూడాలె. అందుకే నాలుకకు భయం ఉండాలె బిడ్డా. భయం పోయిన్నాడు గీ కుర్చీల కూసోవద్దు." నాకు భయానికి కొదవ లేదు కనుక ఈ ఉద్యోగం నాకోసమే పుట్టిందనుకున్నాను. పరీక్షకు ముందు ఉల్లి, వెల్లుల్లి, పచ్చడి ముట్టకూడదన్నది ఆయన విధించిన మొదటి నియమం. ఆయన ముప్పై రోజుల ఉపవాస మాసంలో పగలు నాలుక మీద చుక్క వేసుకునేవారు కాదు; ఆ నెలంతా తీర్పులు పొద్దు వాలాకే. కార్ఖానా యజమాని సేటు గారు కూడా ఆ నిష్ఠకు ఎదురు చెప్పేవారు కాదు.

మూడేళ్ళ కింద ఆయనకు జ్వరం వచ్చి తగ్గింది. తిరిగి పనికి వచ్చిన రోజు మొదటి కప్పు లాగి ఆగిపోయారు. మళ్ళీ లాగారు. ఇంకోసారి. ఆ కళ్ళలో నేను చూసినది ఎవరి కళ్ళలోనూ చూడాలని కోరుకోను. అందరూ భోజనాలకు వెళ్ళాక నెమ్మదిగా అన్నారు: "వేడి తెలుస్తున్నది బిడ్డా. ఇంకేం తెలుస్తలేదు." వారం ఆగుదామన్నాం. నెల ఆగుదామన్నాం. నాలుక తిరిగి రాలేదు. డాక్టరు కొందరికి వస్తుంది, కొందరికి రాదన్నాడు.

అప్పుడు మేమొక తప్పు చేశాం. తప్పని ఇద్దరికీ తెలుసు. ముందు నేను రుచి చూసేదాన్ని. సరుకు మంచిదైతే చెంచాను వెల్లకిలా పెట్టేదాన్ని, కాకపోతే బోర్లా. తరువాత ఆయన జుర్రుమని లాగి, కళ్ళు మూసి, చెంచా చెప్పిన తీర్పునే తన గొంతుతో చెప్పేవారు. ఎవరూ పసిగట్టలేదు. కాని సేటు గారి చెప్పుల చప్పుడు వినపడితే చాలు, ఇద్దరం చెంచా వైపు చూడడం మానేవాళ్ళం. "ఈ నెల చెప్పేస్త," అనేవారు ఆయన. నెల మారేది. ఆ కుర్చీ తప్ప ఆయనకు మరో గుర్తింపు లేదు. ఊరు ఆయనను ఆ కుర్చీ ద్వారానే ఎరుగును. దాన్ని వదలడానికి ఆ ధీరుడు కూడా భయపడ్డాడు.

రెండేళ్ళు అలా గడిచాయి. ఒక వానాకాలం ఉదయం వికారాబాద్ నుంచి బండిలో వస్తూ ఆకలికి ఆగలేక, మా అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె వెల్లుల్లి కారంతో తిన్నాను. నియమం తెలుసు. స్టేషన్లో నోరు పుక్కిలించాను, అది చాలుననుకున్నాను. ఆ రోజు సరుకులో మూడో కప్పు లాగగానే ఎక్కడో అడుగున వెల్లుల్లి వాసన తోచింది. నా వేళ్ళదే అనుకున్నాను. "సాబ్, నేను పొద్దున వెల్లుల్లి తిన్నాను" అని ఒక్క మాట చెబితే సరిపోయేది. తీర్పు రేపటికి పోయేది. తిడతారని భయపడి చెప్పలేదు. చెంచా వెల్లకిలా పెట్టాను. సాబ్ కళ్ళు మూసి, "పర్వలేదు, పొద్దుగాల తాగొచ్చు," అన్నారు. ట్రాలీ ఆటో వికారాబాద్ వైపు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం సబ్బుతో చేతులు కడుక్కొని, మిగిలిన పెట్టెల్లో ఒకటి విప్పాను. వాసన అందులో ఉంది. సరుకు ఎత్తే మల్లేశన్నను అడిగాను. "మొన్న మన గోదాం కురిసింది గద అక్కా. సరుకు పక్క పప్పు మిల్లుల పెట్టినం రెండు దినాలు. కంది బస్తాలల్ల పురుగుల గోళీలు ఏసిన్రు, గా వాసన పట్టుంటది," అన్నాడు మామూలుగా. ఆ గోళీల నుంచి వెల్లుల్లి వాసనతో విషపు గాలి వస్తుందని ఈ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. వెంటనే సాబ్ దగ్గరికి వెళ్ళి, వెల్లుల్లి కారంతో సహా అంతా చెప్పాను.

ఆయన తిట్టలేదు. "ఎన్ని పెట్టెలు పోయినయ్?" అని మాత్రం అడిగి, తిన్నగా సేటు గారి గదిలోకి నడిచారు. నేను వెనకే నిలబడ్డాను. "సేట్, పొద్దుగాల పోయిన సరుకు ఆపియ్యి. గోళీల వాసన ఉన్నది. నేను పట్టలేకపోయిన. రెండేండ్ల సంది నాకు రుచి తెలుస్తలేదు. నీకు చెప్పకుంట కూసున్న," అన్నారు. సేటు గారు నిర్ఘాంతపోయారు. "మరి ఇన్ని దినాలు ఎట్ల చెప్పినవ్ ఖాదర్ భాయ్?" "అందాజగ చెప్పిన. గీ పిల్లకేం తెల్వదు. పెట్టె విప్పి వాసన పట్టింది గీమెనే. నా తర్వాత గీమెను కూసోబెట్టు." నేను నోరు తెరవాలి. తెరవలేదు. నా నాలుక ఆ రోజు వాసనలన్నీ పట్టింది గాని ఒక్క మాట పలకలేదు.

సేటు గారు సరుకు చేరిన వికారాబాద్ దుకాణానికి ఫోను చేశారు. పెట్టెలన్నీ భద్రంగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది స్టేషన్ ఎదుటి హోటలుకు పోయింది. ఇద్దరం బస్సెక్కాం. దారి పొడవునా సాబ్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆయన దువా చేస్తున్నారు, నేను మా చర్చిలో నేర్చిన ప్రార్థన చేస్తున్నాను. హోటలతను అప్పటికే కొన్ని సంచులు వాడేశాడు. మిగతావి మూటగట్టుకున్నాం. "ఏమన్నైతదా సాబ్?" అని అతను బెదిరిపోయి అడిగాడు. "తెల్వదు బాబూ. నాకు తెల్వదు," అన్నారు. అక్కడే బల్ల మీద కూర్చొని, టీ తాగిన వాళ్ళెవరైనా తిరిగొస్తారేమోనని పొద్దు వాలేదాకా వచ్చేపోయే ప్రతి ముఖాన్ని చూశారు. నేను ఆసుపత్రి దాకా వెళ్ళి అడిగి వచ్చాను. మాకు తెలిసినంత వరకు ఎవరికీ ఏమీ కాలేదు. అక్కడ టీ తాగి రైలెక్కి పోయినవాళ్ళ సంగతి మాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పటికీ ఎవరైనా కప్పు ఎత్తి తాగుతుంటే నా కళ్ళు వాళ్ళ ముఖం మీదే ఉంటాయి.

ఆ తరువాతి సంగతి తాండూరుకు తెలుసు, కాని సగమే తెలుసు. రెండేళ్ళు రుచి తెలియకుండానే ఉత్త నోటితో తీర్పులు చెప్పి అందరినీ మోసం చేసిన ముసలివాడని ఆయనను ఆడిపోసుకున్నారు. సలాం చేసిన చేతులు జేబుల్లోకి పోయాయి. ఆయన కుర్చీ నాకు వచ్చింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళేదాన్ని. వారం సరుకు గురించి చెబితే విని, చిన్న ప్రశ్న వేసి, నేను చూడనిది చూపించేవారు. చనిపోవడానికి ముందటి ఆదివారం నేను కాచిన టీ రెండు చేతులతో పట్టుకొని, "వేడిగున్నది," అని నవ్వారు. నేను ఏడ్చాను. సేటు గారికి అంతా చెప్పేస్తానన్నాను. "వద్దు బిడ్డా. నేను పోయెటోణ్ణి. నీ కుర్చీ పోతది. ఫికర్ జెయ్యకు," అన్నారు. ఆ వెల్లుల్లి కారం తప్పితే, జీవితంలో ఆయన చెప్పిన మాట నేను జవదాటలేదు.

ఇప్పుడు జవదాటుతున్నాను. ఆయన అందాజుగా తీర్పు చెప్పలేదు. ఆ రెండేళ్ళ తీర్పులు నా నాలుకవి. ఒక్కటి మినహా అన్నీ సరైనవే, ఆ ఒక్కటి నా భయం వల్ల తప్పింది. ఆయన తప్పు తన లోపాన్ని దాచడం. దాన్ని ఆయనే సేటు గారి ఎదుట, ఎవరూ అడగకుండానే ఒప్పుకున్నారు. నా తప్పును కూడా తన మీద వేసుకొని, రెండింటినీ మోస్తూ మట్టిలోకి వెళ్ళారు. జనాజా కదిలినప్పుడు నేను ఆడవాళ్ళతో గుమ్మంలో నిలబడి, భుజం పట్టినవాళ్ళు ఎంత కొద్దిమందో లెక్కపెట్టాను. అందుకే రాస్తున్నాను. ఇటువంటి న్యాయనిర్ణేత ఈ మండలాల్లో మళ్ళీ పుట్టడు. పుట్టినా ఒక పిరికి శిష్యురాలి కోసం తన పేరు పోగొట్టుకోడు. ఆయన పాదాలకు నా వందనం.

సేటు గారు ఈ పుస్తకం చదువుతారని నాకు తెలుసు. ఆ రోజు వెల్లకిలా పెట్టిన చెంచాను అందరి ఎదుటా బోర్లా పెడుతున్నాను, సాబ్. సోమవారం పొద్దున రుచి చూసే గది తలుపు నాకు తీస్తారో తీయరో తెలియదు. నీళ్ళు మాత్రం పట్టుకొని వస్తాను.