దారి తొక్కే వదిన

మా హింటర్‌మూస్ లోయలో మా వదిన వాల్‌బుర్గా నోటికి జడవనివాళ్ళు లేరు. ఫాదర్ గారంతటివారు కూడా, మంచు పడిన మర్నాడు ఆమె ఇంటిముందునుంచి వెళ్ళాలంటే ఒకసారి తన బూట్లవైపు చూసుకుని మరీ వెళ్తారు. ఆమె మంచులో దారి తొక్కుతుంది. తొక్కిన దారి రాత్రంతా గడ్డకట్టి గట్టిపడాలి. ఈలోపల ఎవరైనా ఉత్త బూట్లతో నడిచి గుంటలు చేశారా, చీజు కేంద్రం దగ్గర నలుగురిలో నిలబెట్టి కడిగేస్తుంది. పైగా గుంట చూసి అది ఎవరి బూటో చెప్పేస్తుంది. ఒకసారి వడ్రంగి సెవెరిన్ తప్పించుకోబోయాడు.

"నేను కాదు బుర్గా. అసలు అటువైపే రాలేదు," అన్నాడు.

"నీ ఎడమ మడమ అరిగింది సెవెరిన్. ముందు అది బాగుచేయించుకో, అబద్ధం తర్వాత ఆడుదువుగాని," అంది.

ఆమె మా అన్న ఫ్లోరియన్ భార్య. కొండకి అవతలి ఊరి పిల్ల. పెళ్ళయి వచ్చిన నెలకే చీజు కేంద్రంలో పనికి కుదిరింది. బండిచక్రాల్లాంటి చీజు బిళ్ళలు ముప్పై ఏళ్ళపాటు తిప్పితిప్పి ఆ చేతులు ఎలా తయారయ్యాయంటే, ఆమెతో కరచాలనం చేసినవాడు కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకోవాల్సిందే.

దారి తొక్కడం అసలు మా అన్న పని. అన్న గుండెపోటుతో పోయిన ఏడు, చలికాలపు మొదటి మంచు పడగానే ఊరంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వదిన ఎవర్నీ అడగలేదు. గోడకి వేలాడుతున్న అన్న స్నోషూలు, మంచులో కాలు కూరుకుపోకుండా కట్టుకునే వెడల్పాటి చట్రాలు, దించి, బూట్ల కింద బిగించుకుని, ఒక్కతే కొండెక్కింది. అప్పుడు నాకు ముప్పైమూడేళ్ళు. రెండు కాళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగుతూ ఆమె వెళ్ళడం చూశాను. ఇప్పటికీ అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఏడాది పొడుగునా తొక్కే దారులన్నీ ఒక ఎత్తు, జనవరి ఇరవైన సెయింట్ సెబాస్టియన్ రోజు దారి ఒక ఎత్తు. పూర్వం మహమ్మారి వచ్చినప్పుడు మా పెద్దలు మొక్కుకున్నారు, ఏటా ఆ రోజున ఊరంతా కొండమీది చిన్న చర్చికి సొంత కాళ్ళమీద, ఒకరి వెనక ఒకరుగా నడిచి వస్తామని. స్కీలు పనికిరావు, యంత్రాలు పనికిరావు. అందుకని ముందురోజే ఎవరో ఒకరు వెళ్ళి మంచు అణగదొక్కి ఉంచాలి. తొక్కినవాళ్ళకి వరసలో చోటు లేదు. పార భుజాన వేసుకుని, వరసకి రెండు వందల గజాలు ముందుగా నడుస్తూ, పాడైనచోట సర్దుకుంటూ పోవాలి. మిగతా ఊరంతా వెనకాల కబుర్లు చెప్పుకుంటూ వస్తుంది.

మొన్న క్రిస్మస్ అయిన వారానికి వదిన నా కొట్టుకొచ్చింది. సెలవులకి వచ్చేవాళ్ళకి స్నోషూలు అద్దెకివ్వడం నా వ్యాపారం. స్నోషూల గురించి నాకు తెలియనిది లేదు, కాళ్ళకి కట్టుకోవడం తప్ప.

"మార్చిలో నా మోకాలు కోస్తున్నారు," అంది కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "తర్వాత ఆ కొండ ఎక్కగలనో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. ఈ ఒక్కసారి నేను వరసలో నడుస్తాను మరిదీ. అందరిలా, చేతులు జేబుల్లో పెట్టుకుని."

"నడువు వదినా. ఎవరొద్దన్నారు?"

"మరి దారి?"

నేను కిటికీవైపు చూశాను. ఆమె నావైపే చూస్తోంది.

"ఇంత ఊళ్ళో నేనే దొరికానా?"

"సెవెరిన్‌కి నడుంనొప్పి. ఫాదర్ గారికి ఆయాసం. నీకున్నది ఒట్టి బద్ధకం. అది తగ్గే జబ్బే."

ఆ మూడు వారాలూ నాకు నరకం చూపించింది. పొద్దున్నే తలుపు కొట్టేది. అడుగు ఎలా వెయ్యాలో, ఎత్తులో మునివేళ్ళతో మంచుని తన్ని మెట్లు ఎలా చెయ్యాలో, ఒకే చోట ఎన్నిసార్లు తొక్కాలో చెప్పేది. ఆయాసపడి కూర్చుంటే, "అద్దెకిచ్చిన స్నోషూలు కూడా నీకంటే ఎక్కువ నడుస్తాయి," అనేది. మొదటివారం రెండుసార్లు దొంగజ్వరం పెట్టుకున్నాను. రెండుసార్లూ దుప్పటి లాగేసింది.

పద్దెనిమిదో తారీకు రాత్రి మొదలైన మంచు పంతొమ్మిది పొద్దుటికి తొడలదాకా పడి ఆగింది. భోజనం వేళకి ముందే బయల్దేరాను. వెంట రానని వదినచేత ఒట్టు వేయించుకున్నాను. చర్చిదాకా ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను, మళ్ళీ దిగాను. సాయంత్రానికి నా కాళ్ళు నావి కావనిపించింది. దారి మాత్రం చూడముచ్చటగా వచ్చింది. వదిన గుమ్మంలో నిలబడి, "రెండుసార్లూ తొక్కావా?" అని అడిగింది. తొక్కానన్నాను. "ఊఁ," అంది. ఆమె నోట "ఊఁ" వచ్చిందంటే పతకం ఇచ్చినట్టే.

మర్నాడు పొద్దున వదిన ఆకుపచ్చ కోటు వేసుకుని వచ్చింది. ప్రతి ఏడూ ఆ రోజున చెమటలు కక్కే పని కాబట్టి ఆ కోటు వేసుకునే యోగం ఎప్పుడూ లేదు. జుట్టు దువ్వుకుంది. రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి. డెబ్బై ఏళ్ళ మనిషి, బడి ఎగ్గొట్టిన పిల్లలా నవ్వుతోంది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. పార భుజాన వేసుకుని ముందుకి నడిచాను.

సగం కొండదాకా అంతా బాగానే ఉంది. వెనకనుంచి నవ్వులు వినిపిస్తున్నాయి, అందులో వదిన నవ్వు అందరికంటే గట్టిగా వినిపిస్తోంది. పైన్ చెట్ల మధ్య నిట్టనిలువు ఎక్కుడు ఉంది. అది దాటి నేను పైకి చేరేసరికి నవ్వులు ఆగిపోయాయి. తిరిగి చూస్తే, వరస మొత్తం కింద ఆగిపోయి ఉంది.

మా ఊరి వరసలో పెద్దవాళ్ళు ముందు నడుస్తారు. అందరికంటే ముందు ఒటీలియా అవ్వ. ఎనభై ఎనిమిదేళ్ళు, నా మోచేతిదాకా వస్తుంది. అవ్వ మొదటి మెట్టుమీద నిలబడి రెండో మెట్టుకి కాలు చాపుతోంది. అందడం లేదు. మళ్ళీ చాపింది, జారింది, ఫాదర్ గారు పట్టుకున్నారు.

"ఒరేయ్ ఎంగెల్‌బెర్ట్," అని కిందినుంచి కేకేసింది, "ఈ దారి ఎవరికోసం తొక్కావురా, ఒంటెలకోసమా?"

అప్పుడు చూసుకున్నాను. నావి కొంగకాళ్ళు. నా అంగకి సరిపోయేట్టు మెట్లు తొక్కుకుంటూ పోయాను. అవి రాత్రి గడ్డకట్టి రాయిలా బిగుసుకున్నాయి.

"నేనెత్తుకుంటాలే అవ్వా," అన్నాడు సెవెరిన్.

"మొక్కు నా కాళ్ళదిరా, నీ వీపుది కాదు. ముందు నీ నడుం సంగతి చూసుకో."

జనమంతా ఒక్కసారే వెనక్కి తిరిగారు. "బుర్గా, కాస్త ముందుకి రా," అని ఎవరో అన్నారు. "నువ్వైతే చిటికెలో చేసేస్తావు," అని ఇంకొకరు. వదిన చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. ఒక కాలు వరస దాటి మంచులోకి దిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ రెండో కాలు కూడా దిగిందంటే ఇక ఆమె కోరిక తీరినట్టే. మళ్ళీ పార, మళ్ళీ ముందు, మళ్ళీ ఒక్కతే.

కూర్చుని జారుకుంటూ కిందికొచ్చి పడ్డాను.

"వదినా, చేతులు జేబుల్లో పెట్టు," అన్నాను.

అరవై నాలుగేళ్ళ జీవితంలో ఆమెతో అలా మాట్లాడటం అదే మొదలు. వదిన నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత కాలు వెనక్కి తీసుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుంది.

"అవ్వ అంగ కొలత పెట్టుకో," అంది. "నీకు చెప్పాలని తట్టలేదు. నాకది అలవాటైపోయింది."

వదిన వీధిలో చిన్నచిన్న అడుగులు వేస్తూ నడవడం మేమందరం ఎరుగుదుం. వెక్కిరించేవాళ్ళం కూడా. మోకాలి నొప్పివల్ల అనుకున్నాను. కాదు. ఊళ్ళో అందరికంటే పొట్టిమనిషి అంగ కొలతతో ఇన్నేళ్ళు నడిచి నడిచి, అదే ఆమె నడక అయిపోయింది. పార తీసుకుని పని మొదలుపెట్టాను.

రెండేసి మెట్ల మధ్య ఇంకో మెట్టు. గట్టిపడిన మంచుని చెక్కాలి, అంచు తీర్చాలి. అవ్వ కాలు పెట్టి చూసి, "ఇంకాస్త కిందికి," అనేది. మొత్తం నూట ఆరు మెట్లు. వెనకాల సీసాలు తెరిచారు, రొట్టెలు పంచుకున్నారు. సెవెరిన్ ప్రతి పదిమెట్లకీ అంకె పాడాడు. వదిన మాత్రం తిట్లన్నీ దాచుకున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి వదిలింది, "పార పట్టుకోవడం అదేనా? గరిటె అనుకున్నావా?" అంటూ. చేతులు మాత్రం జేబుల్లోంచి తియ్యలేదు. గంటకి పైగా పట్టింది. అవ్వ ఆఖరి మెట్టెక్కి ఊతకర్రతో నా డొక్కలో ఒక్క పోటు పొడిచింది. మెచ్చుకుందని అర్థం చేసుకున్నాను.

మిగతా కొండ ఎవరూ ఆగకుండా ఎక్కేశారు.

ప్రార్థన అయ్యాక చర్చి పక్క పాకలో బార్లీ సూపు, మాంసం కుడుములు పెట్టారు. వదిన నా ఎదురుగా కూర్చుంది. మొహం చలికి ఎర్రబడి మెరిసిపోతోంది. నోటికి విరామం లేదు.

"సెవెరిన్ నడుస్తూ పాడతాడని నీకు తెలుసా? రాగం లేదు, ఏమీ లేదు. ఫాదర్ గారు ప్రతి మలుపులోనూ ఒక మిఠాయి నోట్లో వేసుకుంటారు. దారి పొడుగునా ఏమేం మాట్లాడుకుంటారో వీళ్ళు! ఇన్నేళ్ళూ నాకు ఒక్క ముక్క తెలీదు."

కాసేపటికి చెంచా కింద పెట్టింది.

"ముందు నడవడం ఎలా ఉంది?" అని అడిగింది.

ఏదో హాస్యం ఆడదామనుకుని, ఉన్నమాటే చెప్పాను.

"ఎవరూ లేరు వదినా. మాటలు వినిపిస్తుంటాయి, అందవు."

"తెలుసు," అంది వదిన. అని తన పళ్ళెంలోని పెద్ద కుడుము తీసి నా పళ్ళెంలో వేసింది.