మా సైకిల్ యాత్రా, సీఐడీ మామ అనుమానమూ

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పే అలవాటు నాకుంది. ఒళ్లు వెచ్చబడితే టైఫాయిడ్ అంటాను, బావిలో చెంబు పడితే గంగాళం పడిందంటాను. కాబట్టి ఇందులో కనబడే ఎండలోంచీ ఎత్తులోంచీ మీకు తోచినంత తగ్గించుకుని చదువుకోండి. ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, వరంగల్‌లో మా బజారు తీరే వేరు. మిర్చి సీజనులో గాలి ఇటు తిరిగిందంటే బజారంతా తుమ్మేది (పటాల్లో దేవుళ్లు కూడా తుమ్మేవారు). ఎవరు తుమ్మారు, నిజంగా తుమ్మారా, నటించారా అని విచారించే బాధ్యత మా ఎదురింటి బట్టల దుకాణం ఆయనది. ఆయన్ని అందరూ సీఐడీ మామ అనేవాళ్లు. పాలు పోసినవాడు మలుపు తిరగకముందే గిన్నెలో వేలు ముంచి నాకి, నీళ్లు ఏ బావివో కూడా చెప్పేవాడు. సొంత కూతురి పెళ్లిలో “మూడు ముళ్లూ పడ్డయా, రెండేనా?” అని వంగి చూసుకున్న మనిషి.

పెళ్లికి ముందు నాకు కామెర్లు వచ్చాయి. నేను బతికి బట్టకడితే, పెళ్లయ్యాక పెళ్లాంతో సహా కాలినడకన భద్రాచలం పంపిస్తానని మా అమ్మ మొక్కుకుంది. కామెర్లు తగ్గాయి, పెళ్లయింది, మొక్కు మిగిలింది. బజారు చివరికి పోవాలన్నా రిక్షా కోసం చూసేవాడిని నేను. భద్రాచలం దాకా నడక అనేసరికి కామెర్లే నయమనిపించింది. చివరికి గుడి పంతులుగారు జాలిపడి, “సైకిలైనా తొక్కేది కాళ్లతోనే గదమ్మా, పుణ్యం కాళ్లదే. బస్సెక్కితే మాత్రం చెల్లది. మళ్ల మొదటి నుంచి పోవాలె” అని తీర్పు చెప్పారు. మా ఆవిడది తొర్రూరు. బడికి తొక్కిన లేడీస్ సైకిల్ ఒకటి పుట్టింటి నుంచి వచ్చింది. దాని క్యారియర్ మీద ఆమెను కూర్చోబెట్టుకుని, మీసం సవరించుకుని, బజారంతా చూస్తుండగా దండయాత్రకు బయలుదేరినట్టు బయలుదేరాను.

దర్శనం అయింది, తిరుగు ప్రయాణమూ అయింది. తప్పంతా చివర్లో వర్ధన్నపేట దగ్గర జరిగింది. యాత్ర చేసి ప్రసాదంతో ఇల్లు చేరేవాళ్లు మాసిన బట్టలతో గడప తొక్కకూడదని మా ఆవిడ పట్టు. పొలంలో పంపుసెట్టు కింద ఇద్దరం తలంట్లు పోసుకున్నాం, సంచిలో దాచిన కొత్త బట్టలు కట్టుకున్నాం. అక్కడితో ఆగినా బాగుండేది. సైకిల్‌కు కూడా స్నానం చేయించి, చువ్వలకు కొబ్బరినూనె రాసి, హ్యాండిల్‌కు బంతిపూలు కట్టాం. మా వాకిట్లో దిగేసరికి అది సైకిల్‌లా లేదు, పెళ్లికూతురిలా ఉంది.

అమ్మ హారతిపళ్లెం పట్టుకుని గడపలో నిలబడి ఉంది. ఆమె కంటే ముందు సీఐడీ మామ వచ్చాడు.

“ఏడ దిగిండ్లు?”

“దిగుడేంది మామా? సైకిల్ మీదనే వచ్చినం.”

“భద్రాచలం పోయొచ్చినోని అంగీ నలగదా అల్లుడా?” అంటూ చక్రం మీద వేలు రాసి వాసన చూశాడు. “కొబ్బరినూనె! దుమ్మేది? ఖమ్మం రోడ్డును ఎవలన్న ఊడ్చిండ్లా? దీన్ని బస్సు టాపు మీద పండవెట్టి తెచ్చిండ్లు. మంచిగ నిద్రవోయి లేచినట్టే ఉన్నది.”

పక్కింటి గాజుల పెద్దమ్మ కూడా అందుకుంది. “నిజమే వదినా! మొన్న స్టేషన్ దాకా తొక్కి, నడుమ రెండు తాపల సోడా తాగిండు నీ కొడుకు. గంత దూరం ఎట్ల తొక్కుతడు?”

అమ్మ చేతిలో హారతి పైకి లేవలేదు. “కొడకా, దేవుని తోటి పరాచికాలొద్దు. బస్సెక్కితే ఎక్కినమని చెప్పు. ఫికర్ లేదు, రేపే మళ్ల పోదురు.”

ఆ ‘రేపే’ అన్న మాట వినగానే సైకిల్‌ను గోడకు ఆనించి రెండడుగులు దూరం జరిగాను. నిజం చెబితే గండం గడుస్తుంది, మీసం పోతుంది. ఎందుకంటే పోయేటప్పుడే, ఊరు దాటిన కాసేపటికే నాకు ఆయాసం వచ్చింది. మా ఆవిడ నన్ను దింపి, కొంగు బిగించి, “ఎనక కూసోండి” అంది. ఆ తరువాత సగం దూరం ఆమె తొక్కింది, నేను వెనక కూర్చుని ఆమె మీద గొడుగు పట్టాను. ఊరేదైనా కనబడగానే మారిపోయేవాళ్లం. ఈ సంగతి బయటపెట్టనని ఆమె చేత ప్రసాదం మీద ఒట్టు కూడా వేయించుకున్నాను.

ఇప్పుడు ఆమె నా పక్కకు జరిగి, “ఇగో, చెప్తరా? రేపు పోదామా?” అంది మెల్లగా.

“గుసగుసలేంది? సాక్ష్యం కుదుర్చుకుంటాండ్లా?” అన్నాడు మామ.

“అమ్మా, నేనొక్కన్నే తొక్కలే. సగం నేను, సగం నీ కోడలు,” అన్నాను నేలకేసి చూస్తూ.

బజారు గొల్లుమంది. మామ మాత్రం నవ్వలేదు. “నిన్ను ఎక్కించుకొని ఆడిపిల్ల తొక్కిందా? ఏదీ, తొక్కమను జర.”

మా ఆవిడ ప్రసాదం సంచి అమ్మ చేతికిచ్చి, కొంగు నడుముకు చుట్టి, “ఎక్కండి,” అంది. ఎక్కాను. బజారు ఈ చివర నుంచి ఆ చివరికీ, మళ్లీ వెనక్కీ తీసుకొచ్చింది. మామ ఆమెను చూడనే లేదు, నన్నే చూశాడు. నేను అలవాటు కొద్దీ రెండు కాళ్లూ ఒకే పక్కకు వేసి, సీటు కింద స్ప్రింగు పట్టుకుని, గుంత రాకముందే కాస్త పైకి లేచి, దాటాక సర్దుకుని కూర్చున్నాను.

“చాలు, దిగు,” అన్నాడు మామ జీవితంలో మొదటిసారి నమ్ముతూ. “ఆ పిల్ల తొక్కుడు సంగతి అటుంచు, వీడు కూసున్న తీరు చూడుండ్లి! శానా దూరం కూసున్నోడే గిట్ల కూసుంటడు.”

అమ్మ హారతి ముందు కోడలికి ఇచ్చింది. “పుణ్యం కాళ్లదే అన్నడు పంతులు. దీని మొక్కు తీరింది. నీది సగమే తీరింది కొడకా. కడమ సగం, ఇది ఏడికి పోదామంటె ఆడికి ఎక్కించుకపో.” అలా పాలకుర్తి గుట్టకూ, తొర్రూరు పుట్టింటికీ, సినిమాలకూ ఎన్నేళ్లు తొక్కానో. ఇప్పటికీ మా ఆవిడ మార్కెట్టుకు పోదామన్నప్పుడల్లా, “ఇంక తీరలే,” అంటుంది.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి కదా. పంపుసెట్టు, కొబ్బరినూనె, మామ తీర్పు అన్నీ జరిగినవే. కల్పించింది ఒక్క మాట: సగం. నేను తొక్కింది ఊళ్లు వచ్చినప్పుడు మాత్రమే. మీసం దువ్వుకుంటూ వెనక కూర్చున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ దారిలో ఇంకో నాలుగు ఊళ్లు ఉంటే బాగుండేదని కూడా అనిపిస్తుంది.