చిలక వంతు, నా వంతు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇద్దరు కుళ్ళుబోతులు ఉండేవాళ్ళు. ఒకరు నేను, రెండోది మా చిలక. ఎవరి కుళ్ళు పెద్దదో ఇప్పటికీ చెప్పలేను. దానిది ఒంటి మీద కనిపించేది, నాది కనిపించేది కాదు, అంతే తేడా.

మాది జువ్వలదిన్నె పక్కన సముద్రం ఒడ్డున ఒక పల్లె. మా నాయన, చిన్నాయన ఒకే నావ మీద వేటకు పోయేవాళ్ళు. ఆ చిలకను చిన్నాయన గూడూరు నుంచి తెచ్చినప్పుడు అది ఇంకా కళ్ళు సరిగ్గా తెరవని పిల్ల. నానబెట్టిన పప్పు నలిపి దాని నోట్లో పెట్టి పెంచింది నేను. చిన్నాయన వేట నుంచి వచ్చాడంటే ఒంటి మీద ఉప్పు ఆరకముందే అరుగు మీద చతికిలబడేవాడు. చిలక ఆయన భుజం మీద, నేను ఆయన ఒళ్ళో. మా ముగ్గురి మధ్యకు ఇంకెవరూ రారని నా నమ్మకం. పెద్దవాళ్ళు చిన్నాయనకు పెళ్ళి మాటలు మాట్లాడుతుంటే, అదేదో కొత్త పరికిణీ కట్టుకుని లడ్లు తినే వ్యవహారమనుకుని నేనే అందరికంటే ఎక్కువ గంతులేశాను. పెళ్ళయ్యాక ఆ పెళ్ళికూతురు మా ఇంట్లోనే ఉండిపోతుందని నాకు ఒక్కరైనా చెప్పారా!

అలా వచ్చింది మా చిన్నమ్మ. విడవలూరు వైపు పిల్ల. చిరిగిన వలను ఒళ్ళో వేసుకుందంటే మాట్లాడుతూనే, వేళ్ళ వైపు చూడకుండానే బాగుచేసేది. ఊళ్ళో ఆడవాళ్ళు పనిగట్టుకుని వచ్చి ఆ పనితనం చూసి పొగిడిపోతుంటే నా కళ్ళలో కారం కొట్టినట్టు ఉండేది. చిన్నాయన ఇప్పుడు ఒడ్డు నుంచి వస్తే నేరుగా లోపలికే. లోపల నుంచి నవ్వులు వినపడేవి. అరుగు మీద నేను, పంజరంలో చిలక మిగిలేవాళ్ళం. చిన్నమ్మ చేపల పులుసు అద్భుతంగా పెట్టేది. అది నాకు తెలుసు, అయినా ఉప్పెక్కువైందని కంచం నెట్టేసేదాన్ని. “నిజంగానే ఎక్కువైందా పాపా?” అని పాపం మళ్ళీ రుచి చూసుకునేది. ఆ ఓపిక చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

చిలక ఈకలు పీక్కోవడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. మొదట రొమ్ము మీద ఒకటీ రెండూ పీకింది, తర్వాత రెక్కల కింద పీకింది. పీకి, కొరికి, పంజరం అడుగున పడేసేది. చూస్తూ చూస్తూ ఉండగానే మెడ కిందంతా బోడి అయిపోయింది. ఎర్రటి చర్మం, దాని మీద అక్కడక్కడా నెత్తురు చుక్కలు. తెల్లవారి పంజరం కింద పచ్చటి ఈకలు ఊడ్చాల్సి వస్తే నాకు ఏడుపు ఆగేది కాదు.

మా అవ్వ దిష్టి అని తేల్చేసింది. మా వాళ్ళకు కాలు తెగినా, గజ్జి లేచినా, దిష్టి తగిలినా సముద్రం నీళ్ళే మందు. అవ్వ రోజూ పొద్దున్నే ముంతతో ఉప్పునీళ్ళు తెచ్చి చిలక మీద పోసి, పంజరాన్ని ఎండలో పెట్టేది. ఒంటి మీద ఉప్పు ఆరి చుర్రుమంటుంటే ఆ మూగజీవి ఇంకెక్కువ పీక్కునేది. అది చూసి అవ్వ దిష్టి గట్టిదని ఇంకో ముంత పోసేది. చివరికి విసిగిపోయి ఒకరోజు అందరి ముందూ చెప్పేసింది. “బోడి పిట్ట ఇంట్లో ఉంటే నావకు మంచిది గాదు. గంగమ్మ కొలుపు పండగ లోపల ఈకలు రాకపోతే తీసకపోయి సరుగుడు తోపులో వదిలేయండి.” ఎగరలేని దాన్ని తోపులో వదలడమంటే కాకులకు వడ్డించడమే. ఆ సంగతి నాకూ తెలుసు, అవ్వకూ తెలుసు. కానీ నావ పేరెత్తాక మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు.

ఊళ్ళో వాళ్ళు మాత్రం కొత్త కోడలు కాలు పెట్టిన వేళ అన్నారు. ఆ మాట నాకు బెల్లం ముక్క. దిష్టి కాదని, చిలకకు ఏమైందో నాకొక్కదానికే తెలుసని నా ధీమా. చిన్నాయన తన వైపు చూడకుండా లోపలికి పోయిన ప్రతిసారీ అది ముక్కు రొమ్ములోకి దూర్చేది. నాకూ పీక్కోవాలనే ఉండేది, ఈకలు లేక ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం అవ్వ ఎండుచేపలు అమ్మడానికి పోయినప్పుడు చిన్నమ్మ పంజరం పక్కన వచ్చి కూర్చుంది. ఆ మనిషి చిలక దగ్గర కూర్చోవడమే నాకు గిట్టలేదు. “నువ్వు వచ్చినాకే అది ఇట్టయింది” అన్నాను మొహం మీదే. ఏడుస్తుందని చూశాను. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. “అవును పాపా, నాకూ అట్నే అనిపిస్తా ఉండాది” అన్నది.

ఆ ఉప్పునీళ్ళు మాన్పించమని అవ్వతో నన్నే చెప్పమంది. తను చెబితే కొత్త కోడలికి నోరెక్కువ అంటారట. నేను గుక్కపట్టి ఏడ్చి మాన్పించాను, ఆ విద్యలో నాకు సాటి లేరు. దాని బదులు చిన్నమ్మ రోజూ బావి నీళ్ళు చిలకరించేది. పొయ్యి పొగ తగలకుండా పంజరాన్ని అరుగు రెండో చివరకు మార్చింది. చిరిగిపోయిన పాత నూలు వల ముక్క ఒకటి తెచ్చి, దాని కన్నాల్లో వేరుశనక్కాయలు పెట్టి ముళ్ళు వేసి పంజరంలో వేలాడగట్టింది. “ముక్కుకు పని లేకపోతే ఒంటి మీద పడతాది. మనమే పని పెడదాం” అన్నది. చిలక మొదట భయపడి మూలకు నక్కింది. మర్నాటికి ఒక్కో ముడీ పట్టి విప్పడం మొదలుపెట్టింది. మేం ముడి వేయడం, అది విప్పడం. పగలంతా ఈకల జోలికి పోయేది కాదు. కానీ సాయంత్రం చిన్నాయన వచ్చి లోపలికి పోయాడా, మళ్ళీ మామూలే.

ఇంతలో ఒక సాయంత్రం విచిత్రం జరిగింది. చిన్నాయన వస్తూనే పంజరం దగ్గర ఆగాడు. తలుపు తీసి చిలకను వేలి మీద ఎక్కించుకుని, మెడ గోకి, దానితో కబుర్లు చెప్పాడు. తర్వాత నా పక్కన కూర్చుని నడుముకు చుట్టుకున్న తుండు విప్పి ఒక గవ్వ ఇచ్చాడు. ఆ తర్వాతే లోపలికి పోయాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. వల బాగుచేసుకుంటున్న చిన్నమ్మ ముందు నిలబడి, “నిన్ను చూడకముందే నా కాడికి వచ్చినాడు” అని గవ్వలు గలగలలాడించాను. “అమ్మో, నాకు కడుపుమంటగా ఉండాదే పాపా!” అన్నది ఆమె తలెత్తకుండా. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

తర్వాత ఒకరోజు దొడ్లో గవ్వలు ఆడుకుంటుంటే వంటింట్లో అవ్వ చిన్నమ్మను చీవాట్లు పెట్టడం వినపడింది. “ఏందే ఇది? మొగుడు అలిసిపోయి వస్తే లోపలికి రానీకుండా చిలక కాడికి పంపిస్తావంట? నలుగురూ వింటే నవ్వరా?”

చిన్నమ్మ చిన్న గొంతుతో జవాబు చెప్పింది. “వాళ్ళిద్దరూ ముందు నించీ ఉండారు గదత్తా. వెనక వచ్చింది నేను. వాళ్ళ వంతు అయినాకే నా వంతు.”

వాళ్ళిద్దరూ అన్నది. చిలక ఒక్కటే కాదు. నాకు ముందు తోక తొక్కిన తాచులా కోపం వచ్చింది. నేను గెలుచుకున్నాననుకున్న చిన్నాయన, ఆమె పంపిస్తే వచ్చినవాడా! గవ్వలన్నీ ఇసకలోకి విసిరేశాను. విసిరేసి, గోడకు మొహం పెట్టి ఎందుకో చాలాసేపు ఏడ్చాను. ఆ ఏడుపు అవ్వను బెదిరించే ఏడుపు లాంటిది కాదు. తర్వాత మళ్ళీ పోయి ఆ గవ్వలన్నీ ఏరుకున్నాను.

గంగమ్మ కొలుపు వచ్చింది. ఆ పొద్దున అవ్వ పంజరం దగ్గరికి వచ్చి వంగి చూస్తుంటే నేనూ పక్కనే వంగాను. బోడి రొమ్ము మీద ముళ్ళలా సన్నటి పచ్చటి మొలకలు. అవ్వ కాసేపు చూసి, “ఉండనీలే, అంతా గంగమ్మ తల్లి దయ” అని దణ్ణం పెట్టుకుంది. “అవునత్తా” అన్నది చిన్నమ్మ.

ఆ సాయంత్రం చిన్నాయన చిలకను పలకరించి నా వైపు తిరిగాడు. నేను ఆయన్ని కూర్చోనివ్వలేదు. “ముందు లోపలికి పో చిన్నాయనా, పొద్దున్నించి ఎదురు చూస్తా ఉండాది” అన్నాను. ఆయన నోరు తెరిచి నన్ను చూశాడు. చిన్నమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. కళ్ళు తుడుచుకుందో, చెమట తుడుచుకుందో తెలియదు. “పులుసు కాచినా, ఉప్పు చూస్తావా పాపా?” అని అడిగింది. చూశాను. సరిపోయిందని చెప్పాను.

ఆ చిలకకు రొమ్ము మీద ఒకచోట మాత్రం మళ్ళీ ఈకలు రాలేదు. నాకూ కుళ్ళు పూర్తిగా పోలేదు. మా అబ్బాయికి పెళ్ళయిన వారంలోనే కోడలిని కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. ఊరికే చెప్పానా! ఇప్పుడు మా వాడు పని నుంచి రాగానే చెప్పులు విప్పి ముందు నా మంచం దగ్గరికి వస్తాడు, తిన్నావా అమ్మా అని అడుగుతాడు. ఎవరు పంపిస్తే వస్తున్నాడో నాకు తెలుసు. అయినా కాసేపు వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంటాను, అబద్ధమెందుకు. తర్వాత నేనే వదిలేసి అంటాను, “లోపలికి పోరా, ఆ పిల్ల ఎదురు చూస్తా ఉంటాది.”