చిన్నపోలయ్య బండికి దురాయి

పులికాటు సరస్సు పక్క పల్లెల నుంచి సూళ్లూరుపేట స్టేషనుకు బండి తోలడం చిన్నపోలయ్య జీవనం. దారిలో నడిచిపోయే ముసలమ్మ కనబడితే "ఎక్కవ్వా, నిన్ను మొయ్యలేక ఎద్దులు పడిపోతాయా?" అని ఆపేవాడు. ఊళ్లో అతనికి శత్రువులు లేరు. ఎవరి మీదా చెయ్యెత్తిన మనిషి కాదు.

అరవై రెండో సంవత్సరం, వరినాట్లప్పుడు, ఒక ఉదయం జయరామయ్య అనే ఆయన ఆరేళ్ల కూతురు చెంచమ్మను చంకనేసుకొచ్చి అతని బండెక్కాడు.

"స్టేషనుకు పోనీ. మద్రాసు రైలు అందాల."

"బిడ్డ తల్లి రాలేదాయ్యా?"

"నీకెందుకు? తోలు."

పోలయ్యది పక్క ఊరు. అతనికి ఆ ఇంటి సంగతి తెలియదు. జయరామయ్య భార్య నాగులమ్మ రెండేళ్ల కిందటే బిడ్డతో పుట్టింటికి వచ్చేసింది. మొగుడు రోకలితో మూతి పగలగొట్టినా ఓర్చుకున్నది గాని, ఆ రోకలి బిడ్డ మీదికి లేచిన నాడు ఇల్లు విడిచింది. బిడ్డను మద్రాసులో మా అన్న ఇంట పెంచుకుంటానని జయరామయ్య నెల్లూరు కోర్టుకు పోయాడు. తీర్పు వచ్చేదాకా బిడ్డ తల్లి దగ్గరే ఉండాలి, జిల్లా దాటించగూడదు అన్నారు జడ్జిగారు. రైలు తడ స్టేషను దాటి రాష్ట్రం మారిందంటే ఇక బిడ్డ జాడ తీసేదెవరు? అందుకే నాగులమ్మ మడిలో నాట్లు వేస్తుండగా, తిరణాలకు పోదామని పిల్లను మాయచేసి ఎత్తుకొచ్చాడు.

బండి కాలవగట్టు ఎక్కేసరికి నాగులమ్మ మళ్లకు అడ్డంపడి పరుగెత్తుకొచ్చింది. మోకాళ్ల దాకా బురద. ఎద్దులకు ఎదురుగా నిలబడి గొంతు చించుకుంది.

"పోలయ్యన్నా, నిలుపు! కోర్టు వద్దన్న బిడ్డను అరవదేశం ఎత్తుకపోతుండాడు. చెంగాళమ్మ మీద ఆన! నీ బండికి దురాయి పెట్టినా!"

ఆ పల్లెల్లో దురాయి అంటే ఆఖరి మాట. అమ్మవారి పేరు చెప్పి దురాయి పెడితే, పెట్టినవాళ్లే ఎత్తేదాకా ఆ బండి కదలగూడదు, ఆ అరక దున్నగూడదు. పెట్టింది బిచ్చగత్తె అయినా సరే. పోలయ్య కిందికి దూకి, చక్రం ఊడకుండా ఇరుసు చివర ఉండే చీల పీకి మొలలో దోపుకున్నాడు.

"దురాయి పడిందయ్యా. ఇంక తోలను."

"నీ దురాయీ గిరాయీ! చీల పెట్రా!"

"పెట్టను."

జయరామయ్య ముల్లుకర్ర లాక్కున్నాడు. మొదటి దెబ్బకు పోలయ్య చెవి చీలింది. రెండోది ముక్కు మీద పడింది. కర్ర విరిగితే విరిగిన మొనతో భుజంలో పొడిచాడు. పోలయ్య రెండు చేతులతో మొల పట్టుకుని గొంతుకూర్చున్నాడు. బెదిరిన ఎద్దులకు నెత్తుటి నోటితోనే "ఓహో, ఏం లేదు నాయనా" అని ధైర్యం చెప్పాడు.

ఆ సందులో నాగులమ్మ బండి వెనక నుంచి బిడ్డను దించుకున్నది. జయరామయ్య అది చూసి అటు ఉరికాడు. దురాయి బండికే గాని పోలయ్య చేతులకు కాదు. అతను పక్కకు తొలిగి ఉంటే తప్పుపట్టేవాళ్లు లేరు. తొలగలేదు. బోర్లా పడి జయరామయ్య కాలు కావిలించుకున్నాడు.

"పరిగెత్తు తల్లీ!"

జయరామయ్య రెండో కాలి చెప్పుతో అతని కుడిచేతి వేళ్ల మీద తొక్కాడు. ఎముకలు పుటుక్కుమన్నాయి. మళ్లీ తొక్కాడు. మడమతో తల మీద తన్నాడు. నాట్ల ఆడవాళ్లు నారుకట్టలు పారేసి వచ్చి మీద పడేదాకా తన్నుతూనే ఉన్నాడు. వాళ్లు జయరామయ్యను బురదలో పొర్లించి, పలుపుతాళ్లతో కట్టేశారు.

"బండెక్కురా, ఆస్పత్రికి పోదాం," అన్నది వాళ్లలో ముసలామె పోలయ్యతో.

"దురాయి ఎత్తలేదు గదవ్వా."

"చస్తావురా సన్నాసీ!"

"నిలబడమన్నది అమ్మవారి పేరు గదా."

ముసలామె పైటకొంగు కాలవలో తడిపి అతని ముఖం తుడిచింది. ఇంకొకామె తన అంబలి ముంత అతని నోటికి అందించింది. బిడ్డను ఇంట్లో దాచి నాగులమ్మ వెనక్కి పరుగెత్తుకొచ్చింది.

"ఎత్తేసినా అన్నా! దురాయి ఎత్తేసినా!"

అప్పుడు ఎడమచేత్తో చీల తీసి ఇచ్చాడు.

తర్వాత వాయిదాకు నెల్లూరులో అవతలి ప్లీడరు "దురాయి ఏ చట్టంలో ఉందయ్యా?" అని నవ్వాడు. తీర్పులో ఆ మాటే లేదు. కోర్టు మాట మీరి బిడ్డను దాటించబోయాడు, అడ్డొచ్చిన మనిషిని కుళ్లబొడిచాడు గనుక బిడ్డ తల్లి దగ్గరే పెరగాలి, తండ్రి చూడదలిస్తే ఆ ఊరికే వచ్చి పెద్దల ఎదుట చూసిపోవాలి అని ఉంది.

ఆ సాయంత్రం సూళ్లూరుపేటలో రైలు దిగాక, పోలయ్య బండికి నాగులమ్మే ముందు కూర్చున్నది. అతని వేళ్లు ఇక ముడుచుకోవు, పగ్గాలు పట్టలేడు. అంగడి దగ్గర ఎవడో చప్పట్లు చరిచాడు.

"ఆడమనిషి తోల్తా ఉంటే మొగోడు కూర్చోనుండాడే!"

పోలయ్య ఒళ్లో చెంచమ్మ నిద్రపోతున్నది.

"నవ్వింది చాల్లే, తొలగండబ్బా," అన్నాడు. "బిడ్డ ఇంటికి పోవాల."