వైరు పీకిన సర్వరు

దయ్యాల ముచ్చట్లు మొదలైతే మధ్యలోనే లేచి వెళ్లిపోయే రకం నేను. గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాడికి ఆ ముచ్చట్లకు కరువుండదు. మూసేసిన గనిలో బొగ్గు మోసే టబ్బులు కదిలాయని ఒకరు, చనిపోయిన మనిషి తలలైటు వెలుగు కనిపించిందని ఇంకొకరు. కల్లు ఎక్కువైన మాటలని నవ్వేవాణ్ని. ఇప్పటికీ అవేవీ నమ్మను. నాకు జరిగిన ఒక్కటి మాత్రం ఎంత కొట్టిపారేద్దామన్నా పోవడం లేదు.

అది తెలంగాణ వచ్చే ముందటి ఏడాది ఎండాకాలం. ఇక్కడి బొగ్గు గనులకు కంప్యూటర్ పనులు చేసిపెట్టే ఒక ప్రైవేటు సంస్థలో నేను కాంట్రాక్టు మనిషిని. లైనక్స్ సర్వర్లను చూసుకోవడం నా డ్యూటీ. ఏళ్ల తరబడి అదే కుర్చీ, "వచ్చే ఏడాది పర్మనెంట్ చేస్తాం" అనే అదే మాట. ఆశ అనేది ఎంత సిగ్గులేనిదో ఆ కుర్చీలో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. సర్వరు ఒకటే పెట్టె. వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ దాన్ని లోపల నాలుగు కంప్యూటర్లుగా పంచుతుంది. ఒకే క్వార్టర్‌లో తడికెలు అడ్డం పెట్టుకుని నాలుగు కుటుంబాలు ఉన్నట్టు. పెట్టె ఆగితే నాలుగూ ఆగాల్సిందే. వాటిలో ఒకటి గనిలోని గ్యాస్‌ను కనిపెట్టేది. భూమి లోపల బిగించిన సెన్సర్ల నుంచి లెక్కలు మా సర్వరుకు వచ్చేవి. సర్వరు వాటిని గని పైనున్న కంట్రోల్ రూం స్క్రీన్‌కు పంపేది. ఎక్కడైనా గ్యాస్ పెరిగితే స్క్రీన్ మీద ఆ చోటి చుక్క ఎర్రబడి బజర్ మోగుతుంది. వెంటనే లోపలి మనుషులను పైకి పిలవాలి.

ఆ వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ పాతబడిపోయింది. దాన్ని తీసేసి కొత్తది ఎక్కించాలి, పనిలో పనిగా పెట్టెలో మెమొరీ కూడా పెంచాలి. అంటే పెట్టెను పూర్తిగా ఆపాలి. మా మేనేజరు కోస్తా వైపు నుంచి వచ్చినాయన. క్యాలెండర్ చూసి ఆదివారం అన్నాడు.

"ఆదివారం ప్లేడే వాళ్లు దిగుతరు సార్" అన్నాను.

ఆదివారం డ్యూటీకి రెట్టింపు జీతం వస్తుంది. దాన్నే మా దగ్గర ప్లేడే అంటారు. పేరుకు సెలవు, బొగ్గు తీయరు. కానీ మరమ్మతులకని కొందరు దిగుతూనే ఉంటారు. గని ఊళ్లో పిల్లలకు కూడా తెలిసిన సంగతి.

"మరమ్మతుల వాళ్లేగా. గ్యాస్ చూసే చేతి మిషన్లు ఉంటాయిగా వాళ్ల దగ్గర. కానిచ్చెయ్యవయ్యా" అన్నాడు.

ఆ దిగేవాళ్లలో మా అక్క భర్త రాజన్న బావ ఒకడు. ఆయన టింబర్‌మన్. పైకప్పు కూలకుండా కింద కర్రలు ఆసరాగా నిలబెట్టడం ఆయన పని. కప్పు దిగే ముందు ఆ కర్రలు కిర్రుమంటాయి. టింబర్‌మన్‌కు ఆ చప్పుడే ప్రాణం. "కర్ర మాట్లాడుతది బామ్మర్దీ. సల్లటి ఏసీల కూసునేటోనివి, నీకేం ఎరుక" అని నన్ను ఆటపట్టించేవాడు. కంప్యూటర్ల మీద ఆయనకు నమ్మకం లేదు. ఆయన నమ్మింది చెవులను.

ఆ ఆదివారం పొద్దున గని కంట్రోల్ రూంకు ఫోన్ చేసి, స్క్రీన్ ఖాళీగా ఉంటుందని, లోపలివాళ్లను చేతి మిషన్లతో చూసుకోమనమని చెప్పాను. అక్కడ డ్యూటీలో ఉన్నది కొమురయ్య కాక. కాలు దెబ్బతిని పైన పనికి మారిన పాత గని కార్మికుడు. సరే అన్నాడు. లోపలి నాలుగు కంప్యూటర్లనూ వరసగా ఆపాను. పెట్టెను ఆపాను. పవర్ వైర్లు, నెట్‌వర్క్ వైర్లు పీకేసి, మూత విప్పి మెమొరీ బిగిస్తున్నాను. కిటికీలోంచి ఎండ చేతుల మీద పడుతోంది. భయపడేందుకు అక్కడ ఏమీ లేదు.

ఫోన్ మోగింది.

"ఏంది పిల్లగా, ఏం జేస్తున్నవ్? ఇరవై ఒకటో లెవల్ ఎర్రగయింది. బజర్ కొడ్తాంది" అన్నాడు కాక.

"రాదు కాక. సర్వరు బంద్ ఉన్నది. వైర్లు నా కాళ్లకాడ పడి ఉన్నయ్."

"రాదంటే వచ్చింది గద. షిఫ్టు ఇన్‌చార్జి సారు సుత పక్కన్నే నిలవడి సూస్తాండు. నేను మందిని పైకి పిలుస్తాన" అని పెట్టేశాడు.

ఫోన్‌లో ఆ బజర్ నేనూ విన్నాను. పాత బొమ్మ ఏదో స్క్రీన్ మీద మిగిలిపోయిందేమో అనుకుందామంటే, ఆ ఇరవై ఒకటో లెవల్ సొరంగం చుక్క ఎన్నడో బూడిద రంగుకు మారింది. అక్కడి సెన్సర్ చెడిపోతే విప్పి పైకి తెచ్చారు. రిపేరుకు పంపమని మేనేజరుకు చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. ఆ సెన్సర్ అప్పుడు నా కుర్చీ పక్కనే అట్టపెట్టెలో ఉంది. లేచి అట్టపెట్టె విప్పి చూశాను. అందులోనే ఉంది.

ఇరవై ఒకటో లెవల్‌లో పని చేస్తున్నవాళ్లు విసుక్కుంటూనే పైకి వచ్చారు. ప్లేడే పోయిందని అందరికంటే ఎక్కువ గొణిగింది మా బావే. వాళ్లు టీ తాగుతుండగా లోపల కప్పు కూలింది. సరిగ్గా వాళ్లు కర్రలు నిలబెడుతున్న చోటే. పనిముట్లన్నీ బండ కింద పోయాయి. గ్యాస్ లేదు, ముందూ లేదు, తర్వాతా లేదు.

సాయంత్రానికి కొత్త సాఫ్ట్‌వేర్ మీద నాలుగు కంప్యూటర్లనూ లేపాను. గ్యాస్ కంప్యూటర్ లోపలి నమోదులన్నీ వెతికాను. నేను ఆపిన క్షణం దగ్గర ఆగిపోయి, మళ్లీ నేను లేపిన క్షణం దగ్గర మొదలయ్యాయి. మధ్యలో ఏమీ లేదు.

తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. సెన్సర్ లేదని, మనుషులు లోపలుండగా సర్వరు ఆపించానని మేనేజరు ఒప్పుకుంటే ఆయన కొలువు పోతుంది. అందుకని ఏ ఎండకు ఆ గొడుగు పట్టాడు. పైవాళ్ల దగ్గర, మా సిస్టం ప్రాణాలు కాపాడిందన్నాడు. శాలువా కప్పించుకున్నాడు. నా దగ్గరికొచ్చి, రేపు ఎవరైనా విచారిస్తే చూపేందుకు, అనుమతి లేకుండా నేనే టెస్ట్ అలారం పంపానని రాసివ్వమన్నాడు. పంపడానికి సర్వరేదని అడిగాను. నేను రాసివ్వలేదు. రాసిస్తే ఆ కుర్చీ కూడా పోతుందని తెలుసు.

ఆ గొడవ నడుస్తుండగానే బావ మా ఇంటికొచ్చాడు. కప్పు కూలిన నాటి నుంచి డ్యూటీకి పోలేదు. గడ్డం పెరిగింది. అక్క ఇచ్చిన టిఫిన్ డబ్బా నా చేతిలో పెట్టాడు.

"కర్ర సప్పుడు చెయ్యలే" అన్నాడు. "ఇన్నేండ్లల్ల ఒక్కపారి సుత గట్ల కాలే. ఆ గంట నువ్వే కొట్టినవా?"

"లేదు బావ."

ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"గట్లనకు. నువ్వు పొరపాటున కొట్టినవంటే, అదృష్టం అనుకొని మల్ల దిగుత. ఎవ్వలు కొట్టలేదంటే ఎట్ల దిగాలె? మల్లోపారి ఎవలు పిలుస్తరు నన్ను? పిల్లల సదువులున్నయ్ బామ్మర్దీ. నువ్వే కొట్టిన్నని చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది.

"నేనే కొట్టిన బావ. ఏదో చెయ్యబోతే అదయింది" అన్నాను.

మర్నాడు మొదటి షిఫ్టుకు పోయాడు. పోయినవాడు ఊరుకుంటాడా, మా బామ్మర్ది చలవే అని గనంతా చెప్పుకున్నాడు. అది మేనేజరు చెవిన పడింది. ఇక నేను రాసివ్వాల్సిన పని లేకపోయింది. ఒకటో తారీఖు నుంచి రావద్దన్నారు. నా కొలువు పోయింది ఆ అబద్ధం వల్లే అని బావకు చెప్పలేదు. తర్వాత మంచిర్యాలలో కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టుకున్నాను, అదీ అంతంత మాత్రమే. సర్వర్ల జోలికి మళ్లీ పోలేదు.

ఎందరో తెలిసినవాళ్లను అడిగాను. వైర్లు లేని పెట్టె, అట్టపెట్టెలో సెన్సర్ అనగానే, నువ్వేదో మర్చిపోయి ఉంటావు అంటారు. నేను మర్చిపోలేదు.

బావ పోయిన నెల రిటైరయ్యాడు. ఇక దిగే పని లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఆ గంట నేను కొట్టలేదు బావా. ఎవరు కొట్టారో నాకు తెలియదు.