చింతపండుతో తోమిన నాణేలు

మొన్న ఆదివారం బెజవాడలో ఒక కళ్యాణమండపంలో పాత నాణేల ప్రదర్శన పెడితే వెళ్లాను. నా ముందున్న ఆవిడెవరో "వీటిని దేనితో తోమాలండీ?" అని అడిగింది. బల్ల వెనకున్నాయన గుండెలు బాదుకున్నంత పని చేశాడు. "తోమకండి తల్లీ! మరీ మట్టి ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి, అంతే. ఆ నలుపే వాటికి కాపుదల," అన్నాడు. నేనక్కడ నిలబడలేక బయటికొచ్చేశాను. ఆ ముక్క ముప్ఫయ్యేళ్ల కిందట నాకెవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

మా మామగారు కంకిపాడు దగ్గర బడిపంతులు. పొలం దున్నుతుంటే దొరికిన రాగి నాణేలను రైతులు తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాళ్లు. అన్నిటినీ పాత పంచె ముక్కల్లో చుట్టి, బిస్కెట్ డబ్బాలో పసిపిల్లల్లా పడుకోబెట్టేవారు. అన్నిట్లోకీ ఆయన ప్రాణం వాళ్ల నాన్నగారికి దొరికిన నాణెం మీద. కళ్లల్లో శుక్లాలు ముదిరి చూపు మసకేశాక, రోజూ మధ్యాహ్నం దాన్ని బొటనవేలితో తడిమి, "ఇదిగో, ఇక్కడ సింహం తోక, ఇక్కడ మూడక్షరాలు," అని మురిసిపోయేవారు. ఏదో పాత లిపి, చూపున్న రోజుల్లోనూ ఆ అక్షరాలేమిటో ఆయనకు అంతుబట్టలేదు. "ఆపరేషన్ అయ్యాక చదువుతా అమ్మాయ్," అనేవారు. ఆపరేషన్‌కి ఒప్పుకున్నదే ఆ మూడక్షరాల కోసమని మా అత్తగారి వేళాకోళం.

ఆయన బెజవాడ ఆసుపత్రిలో ఉండగా నాకో పుణ్యకార్యం తోచింది. శుక్రవారం పూజసామాను తోముతూ, ఆ చేత్తోనే డబ్బా కూడా దింపాను. కొత్త చూపుకి మసిబట్టిన నాణేలు చూపిస్తామా? చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు అన్నీ ఎదురుగానే ఉన్నాయి. మా ఇళ్లలో రాగి మెరవలేదంటే కోడలికి పని రాదన్నట్టే. గుడ్డముక్కలన్నీ ఉతకడానికి వేసేశాను. పచ్చటి చిలుము కారిపోతుంటే ఎంత గర్వపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కట్టు విప్పి ఇంటికొచ్చిన రోజు, తళతళలాడే నాణేలను పళ్లెంలో పోసి ఆయన ముందు పెట్టాను. ఒక్కొక్కటీ దగ్గరగా పెట్టుకుని చూశారు. కాసేపటికి ఆ కొత్త కళ్లు మూసుకుని, బొటనవేలితో తడమడం మొదలుపెట్టారు. సగానికి సగం ఒకే సైజువి, అన్నీ నున్నగా ఉన్నాయి.

"నాన్నగారిది ఏదమ్మాయ్?" అన్నారు.

నాకూ తెలియలేదు.

"పోనీలే, బాగా తోమావు," అని లేచి వెళ్లిపోయారు. చనిపోయేదాకా ఆ డబ్బా మళ్లీ అడగలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

ప్రదర్శన నుంచి రాగానే డబ్బా తీసి చూశాను. నాణేలన్నీ ఎప్పుడో మళ్లీ నల్లబడ్డాయి. కాలం ఆ నలుపు తిరిగి తెచ్చిపెట్టింది గానీ, ఆ మూడక్షరాలు తేలేదు.